కోయిల మావిచిగురు తింటుందా? ‘రసాల పల్లవ ఖాది’ మీద ఒక చర్చ

అడిగినది:

లలిత రసాల పల్లవ ఖాదియై చొక్కు
కోయిల సేరునే కుటజములకు

పోతన భాగవతంలో ప్రహ్లాదుడి నోట వచ్చే ‘మందార మకరంద’ పద్యం ఇక్కడ చాలామందికి కంఠతా వచ్చు. సందేహం ఈ పాదం మీద. నిజానికి సందేహం నాది కాదు, మా అన్నయ్య మనవరాలిది. దానికి పదకొండేళ్ళు. మెడలో బైనాక్యులర్, చేతిలో చిన్న నోటుపుస్తకం. మొన్న ఆదివారం తెల్లవారకముందే నన్ను లేపి, హైదరాబాదులో కాసు బ్రహ్మానందరెడ్డి పార్కుకు లాక్కుపోయింది. లోపల ఎక్కడో కోయిల అందుకుంది. నేను ఊరుకోలేక పద్యం ఎత్తుకున్నాను. అర్థం చెప్పమంది. లేత మామిడి చిగుళ్ళు తిని మైమరచిన కోయిల కొండమల్లెల జోలికి పోతుందా, అని చెప్పాను.

“తాతయ్యా, కోయిల ఆకులు తినదు” అంది.

చిన్నప్పటి నుంచి మావిచిగురు, కోయిల, ఉగాది అంటూ పెరిగినవాణ్ణి. తింటుందని వాదించాను కానీ, తింటుండగా ఎప్పుడైనా చూశానా అంటే చూడలేదు. ‘ఖాది’ అన్న మాటకు తినడం కాక మరేదైనా అర్థం ఉందా? పెద్దలు చెప్పాలి.

ఒక జవాబు:

లేదండీ. ‘ఖాద’ ధాతువు, తినడమే. పల్లవఖాది అంటే చిగుళ్ళు తినేది. (ముప్పయ్యేళ్ళు తెలుగు పాఠాలు చెప్పాను. ఒక కుర్రవాడు పరీక్షలో ‘ఖద్దరు కట్టిన కోయిల’ అని రాశాడు. సగం మార్కు వేశాను, ఊహకు.) ‘చొక్కు’ అచ్చతెలుగు మాట, పరవశించడం. ‘రసాలము’ మామిడి. మన చిన్నరసాలు, పెద్దరసాల్లో ఉన్న రసమే ఇందులోనూ ఉంది.

ఇక కోయిల చిగురు తినడం కవిసమయం, అంటే కవుల ఆనవాయితీ. హంస పాలనూ నీళ్ళనూ వేరుచేయడం, చకోరం వెన్నెల తాగడం ఎలాంటివో ఇదీ అలాంటిదే. కవిత్వంలో పక్షిశాస్త్రం వెతకకూడదు. చర్చ ఇంతటితో సరి.

మరో జవాబు:

సరి కాదండీ, మాస్టారూ. ఒక్క మాట. నేను భాషాపండితురాలిని కాను, ఫాల్గుణ చైత్రాల్లో చెట్ల కింద మెడలు నొప్పి పుట్టేలా నిలబడే రకాన్ని.

పాప చెప్పింది నిజం. కోయిలకు ప్రధానమైన తిండి పళ్ళు. మర్రి, రావి, మేడి లాంటివి కాసినప్పుడు వాటి మీదే ఉంటుంది. గొంగళిపురుగులనూ ఇతర పురుగులనూ కూడా తింటుంది. ‘కోకిలమ్మ పాట’ అంటాం కానీ, మనకు వినిపించే ఆ ‘కుహూ’ మగదానిది. నల్లగా నిగనిగలాడుతుంది, కన్ను ఎర్రన. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, ‘కిక్ కిక్’ అని గొంతు చించుకుంటుంది తప్ప పాడదు.

అయితే పోతన కళ్ళు మూసుకుని రాశాడని నేననను. మాఘం నుంచి చైత్రం దాకా ఒక మామిడి చెట్టు కింద అరగంట నిలబడి చూడండి. పూత మీద ఈగలు, తేనెటీగలు. రెమ్మ కదిపితే చిటపటమని ఎగిరేవి తేనెమంచు పురుగులు. ఆకులు జిగటగా మెరుస్తున్నాయంటే అవి రసం పీల్చి విడిచిందే. దాని మీదే తర్వాత నల్లని మసి పడుతుంది. కింద నేల మీద కత్తెరతో కోసినట్టు లేత ఆకులు పడి ఉంటే అది ఒక ముక్కుపురుగు పని. ఆడపురుగు చిగురాకులో గుడ్లు పెట్టి, ఆ ఆకును కోసి కింద పడేస్తుంది. ఇక అసలైన ఖాది ఒకటుంది. బారన్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగు. మామిడి ఆకు దాని ముఖ్యమైన భోజనం. ఆకు నడిమి ఈనె మీద పడుకుని, రెండు వైపులా ఈకల్లాంటి పచ్చని ముళ్ళు పరుచుకుంటుంది. వీపు మీద పసుపు చార అచ్చం ఈనెలాగే ఉంటుంది. ముక్కు ఆనించి చూసినా కనబడదు.

ఇంత విందు ఉన్న చెట్టులో కోయిల దూరి, చిగుళ్ళ మధ్య ముక్కు ఆడిస్తుంటే కింద నుంచి చూసేవాడికి ఏమనిపిస్తుంది? నాదొక ఊహ, అంతే.

తెలుగు మాస్టారు మళ్ళీ:

ఊహ బాగుందమ్మా. ఓడిపోయానని మాత్రం ఒప్పుకోను. కానీ మీరు చెట్టు కింద నిలబెట్టారు కాబట్టి నాకు పద్యంలో రెండో చెట్టు గుర్తొచ్చింది. మనం దాన్ని వదిలేశాం.

‘కుటజము’ను కొండమల్లె అనేసి సాగిపోతాం. తెల్లని పూలు, వాసన ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చి ఉంటుంది కానీ అది మల్లె జాతి కాదు. మన కొడిశె చెట్టు, కొడిశపాల అంటారే, అది. బెరడు కటిక చేదు. విరేచనాలు కట్టడానికి ఇచ్చే కుటజారిష్టం దానితోనే చేస్తారు. తీపి మామిడికి చేదు కొడిశెను పోటీ పెట్టాడని పాఠంలో చెబుతూ వచ్చాను. అది తప్పు కాదు, కానీ చాలదు.

కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు ఆషాఢ మేఘానికి అర్ఘ్యం ఇచ్చేది వేటితో? అప్పుడే విచ్చిన కుటజ పూలతో. సంస్కృత కవులకు కుటజం వానకారు పువ్వు. మన అడవుల్లోనూ కొడిశె ఎండలు ముదిరాకే పూతకొస్తుంది. కోయిలేమో వసంతానిది. కాబట్టి పోతన అడుగుతున్నది ‘ఈ చెట్టు వదిలి ఆ చెట్టుకు పోతుందా’ అని మాత్రమే కాదు, తన కాలాన్ని వదిలి ఇంకో కాలంలోకి పోతుందా అని. ముప్పయ్యేళ్ళలో ఒక్కసారి కూడా పిల్లలకు ఇలా చెప్పలేదే అని ఇప్పుడు దిగులుగా ఉంది.

మందారం గురించి కూడా ఇలాగే తవ్వవచ్చు. మనం పెరటి ఎర్రమందారం అనుకుంటాం. సంస్కృత మందారం దేవతా వృక్షాల్లో ఒకటి, భూమి మీద ఆ పేరు బాడిద చెట్టుకూ ఉంది. అది మరో రోజు.

మొదట అడిగినాయన:

ఇద్దరికీ నమస్కారాలు. నిన్న ఇంకో చిక్కు వచ్చింది. మా వీధి చివర ప్రహరీ పక్కన పచ్చగన్నేరు ఉంది. దాని కాయ విషమని పిల్లలను దగ్గరకు పోనివ్వం. ఒక మగ కోయిల ఆ కాయల గుజ్జును హాయిగా లాగించేస్తోంది!

రెండో జవాబు ఇచ్చినామె:

కంగారు పడకండి, పచ్చగన్నేరు కాయ మనకూ పశువులకూ విషం. కోయిల మాత్రం తింటుంది. తమాషా ఏమిటంటే కొడిశెదీ పచ్చగన్నేరుదీ ఒకటే కుటుంబం, తుంచితే రెండూ పాలు కారుస్తాయి. కుటజానికి పోదన్న కోయిల కుటజం చుట్టపింటికి భోజనానికి వెళ్ళిందన్నమాట. పోతనను ఏమీ అనడానికి లేదు. పచ్చగన్నేరు అమెరికా ఖండం మొక్క, ఆయన కాలానికి ఇక్కడికి రాలేదు.

మొదట అడిగినాయన:

ఇదంతా మనవరాలికి చదివి వినిపించాను. కుటజం దగ్గర ఆవులించింది. గొంగళిపురుగు దగ్గర లేచి కూర్చుంది. సాయంత్రం పెరట్లో మామిడి కొమ్మలు వంచి ఒక్కో ఆకూ తిప్పి, దీపాలు పెట్టే వేళకు పట్టేసింది. నోటుపుస్తకంలో బొమ్మ గీసి కింద పేరు రాసుకుంది: ‘రసాల పల్లవ ఖాది. పచ్చగా ఉంది. పాడదు.’