పైపీఐలో పెట్టిన ప్యాకేజీని రచయిత ఎప్పుడంటే అప్పుడు తీసేయొచ్చా?

బిల్డ్_బాలు:
పైథాన్ ప్యాకేజీలన్నీ, అంటే ఒకరు రాసి నలుగురూ వాడుకునే కోడ్ కట్టలన్నీ, ఉండే పైపీఐలో ఇవాళ్టికీ ఒక వెసులుబాటు ఉంది. ప్యాకేజీ ఎవరిదో వాళ్ళు ఎప్పుడైనా, ఎవరికీ చెప్పకుండా, మొత్తం తీసేయొచ్చు. దాని మీద ఎన్ని ప్రాజెక్టులు ఆధారపడి ఉన్నా అడిగేవాళ్ళు లేరు. 2024 అక్టోబర్‌లో పెప్ 763 అని ఒక ప్రతిపాదన వచ్చింది. ఫైలు ఎక్కించాక 72 గంటల్లోపు అయితే తీసుకోవచ్చు, ఆ తర్వాత కుదరదు అని దాని సారాంశం. నేను నూటికి నూరుపాళ్ళు దీనికి అనుకూలం.

జావాస్క్రిప్ట్ వాళ్ళ ప్యాకేజీల చోటు ఎన్‌పీఎం 2016 మార్చిలో దెబ్బతిని నేర్చుకుంది. ఒక ప్యాకేజీ పేరు మీద గొడవొచ్చి, ఆ రచయిత తన ప్యాకేజీలు 273 ఒక్కసారే తీసేశాడు. అందులో లెఫ్ట్‌ప్యాడ్ ఒకటి, 11 లైన్ల కోడు. బాబెల్, రియాక్ట్ లాంటి జావాస్క్రిప్ట్ పనిముట్లు వాడేవాళ్ళ బిల్డులు, అంటే కోడ్‌ని ప్రోగ్రాంగా కూర్చే పనులు, ప్రపంచమంతా పడిపోయాయి. రెండున్నర గంటల తర్వాత ఎన్‌పీఎం వాళ్ళే దాన్ని మళ్ళీ పెట్టాల్సొచ్చింది. ఇప్పుడక్కడ 72 గంటలు దాటితే బోలెడు షరతులు. రస్ట్ భాష వాళ్ళు మొదట్నుంచీ యాంక్ మాత్రమే ఇచ్చారు, అంటే వెర్షన్‌ని తీసేయకుండా వాడొద్దని గుర్తుపెట్టడం. ఈమధ్యే కొద్దిగా సడలించారు, అదీ ఎవరూ ఆధారపడని క్రేట్లకే (వాళ్ళు ప్యాకేజీని అలా అంటారు).

ఇక నా సంగతి. ఒక ఆసుపత్రి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ శనివారం రాత్రి ఎక్కించాలి. టెస్టులన్నీ పాసయ్యాయి. సర్వర్ మీద, పైపీఐ నుంచి ప్యాకేజీలు దించే పిప్ ఇన్‌స్టాల్ కొడితే సగంలో ఆగి, ఒక ప్యాకేజీకి సరిపడే డిస్ట్రిబ్యూషన్ (ఫైలు) దొరకలేదంది. వెర్షన్ పిన్ చేసే ఉంది, అంటే ఏ నంబరు కావాలో ఖాయంగా రాసే ఉంది. వెళ్ళి చూస్తే పైపీఐలో ఆ ప్యాకేజీ పేజీయే లేదు. తెల్లారేదాకా ఆసుపత్రి కౌంటర్లో రసీదులు చేత్తో రాశారు. తిట్లు తిన్నది మాత్రం నేను. ఆ రచయితకి ఈ సంగతి ఈరోజుకీ తెలియదు.

కోనసీమ_కోడర్:
11 లైన్లు సొంతంగా రాసుకోలేరా అసలు? స్ట్రింగుకి ఎడమవైపు ఖాళీలు పెట్టడానికి ఇంకొకరి ప్యాకేజీ మీద డిపెండెన్సీ ఏంటండీ.

తుంగభద్ర:
బాలు గారూ, మీ రాత్రి కష్టం అర్థమైంది. కానీ ఒకటి అడుగుతాను. ఆసుపత్రి బిల్లింగ్ అంతటి పనికి వాడే ఫైళ్ళు మీ దగ్గర ఒక కాపీ ఎందుకు లేవు? పిప్ డౌన్‌లోడ్ కొట్టి వీల్ ఫైళ్ళన్నీ (పైథాన్ ప్యాకేజీలు వచ్చే రూపం) ఒక ఫోల్డర్లో పెట్టుకోవడం ఒక్క పూట పని. డెవ్‌పీఐ అనే సర్వర్ పెట్టుకుంటే మీ సొంత మిర్రరే, అంటే పైపీఐకి నకలే, తయారవుతుంది. వెర్షన్ పిన్ చేయడం అంటే ఏ ఫైలు కావాలో రాసుకోవడమే, ఆ ఫైలు దాచుకోవడం కాదు.

నేను ఒక చిన్న ప్యాకేజీ నడుపుతున్నాను. ఎవరూ జీతమివ్వరు. లైసెన్స్‌లో ఉన్నదున్నట్టుగా ఇస్తున్నాం, ఏ హామీ లేదు అని పెద్దక్షరాల్లో ఉంటుంది. అది చదివే కదా దించుకున్నారు? రేపు నేను తీసేస్తే ఏ మాట తప్పినట్టు?

బిల్డ్_బాలు:
ప్రశ్న మిర్రర్ గురించి కాదండీ. ప్రతి చిన్న కంపెనీ, ప్రతి విద్యార్థీ, ప్రతి కాలేజీ ల్యాబూ మిర్రర్ పెట్టుకోవాలంటే ఇక పైపీఐ ఎందుకు? నలుగురూ ఆధారపడే చోటని తెలిసే అందరం అక్కడ పెడుతున్నాం, అక్కణ్ణుంచే తీసుకుంటున్నాం. తప్పు వెర్షన్ ఎక్కించారా, యాంక్ చెయ్యండి. 2019లో ఒప్పుకున్న పెప్ 592తో ఆ సదుపాయం వచ్చింది కదా. కొత్తవాళ్ళకి పిప్ దాన్ని చూపించదు, సరిగ్గా ఆ వెర్షనే పిన్ చేసుకున్నవాళ్ళకి మాత్రం దొరుకుతుంది. యాంక్ ఉండగా డిలీట్ ఎందుకు కావాలో ఒక్క కారణం చెప్పండి.

చిన్ని_సీఐ:
ఒక్క కారణం నేను చెప్తా. పైపీఐలో ప్రాజెక్టుకి మామూలుగా ఇచ్చేది 10 జీబీ. మేం ప్రతి రాత్రీ బిల్డ్ ఎక్కిస్తాం, ఒక్కో ప్లాట్‌ఫారమ్‌కి ఒక్కో వీల్. పాతవి తీయకపోతే కొత్తవి ఎక్కవు. యాంక్ చేస్తే జాగా ఖాళీ అవ్వదు. 72 గంటలు దాటాక మేం ఏం చెయ్యాలి?

పాతకాపు:
మీరంతా కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుతున్నారు. పెర్ల్ భాష వాళ్ళ ప్యాకేజీల చోటు సీపాన్ 1995 నుంచీ ఉంది. రచయిత తీసేస్తే మామూలు జాబితాలోంచి పోతుంది, బ్యాక్‌పాన్ అనే పాత భాండాగారంలో మాత్రం పాత కాపీలుంటాయి. రచయిత మాటా నెగ్గింది, పాత బిల్డూ బతికింది. మావెన్ సెంట్రల్‌లో అయితే ఒకసారి పెట్టింది మార్చడం, తీయడం ఉండదు, జావా వాళ్ళు హాయిగానే ఉన్నారు.

ఇంకో మాట. ఎంఐటీ లైసెన్స్ కింద ఇచ్చిన కాపీని ఎవరైనా పంచవచ్చు. కాబట్టి పైపీఐ తన దగ్గరున్న ఫైలుని ఉంచుకుంటే రచయిత హక్కుకి భంగమేమీ లేదు. నాది, నా ఇష్టం అనే వాదన లైసెన్స్ పెట్టిన రోజే పోయింది.

వరంగల్_వాడు:
అన్నా, మీరందరు ఫైలు చుట్టే తిరుగుతున్నరు. అసలు లొల్లి పేరు గురించి. పైపీఐల ప్రాజెక్టు మొత్తం డిలీట్ కొడితే ఆ పేరు ఖాళీ అయితది. రేపు ఎవడో వచ్చి అదే పేరు మీద వేరే కోడ్ ఎక్కిస్తడు. పాత ఫైలు పేరుతోని మళ్ళ ఎక్కనియ్యరు, నిజమే. గానీ ఒక నంబరు పెంచి ఎక్కిస్తే ఎవరాపుతరు? పిన్ చెయ్యనోళ్ళు అప్‌గ్రేడ్ కొట్టంగనే ఆ విషం వాళ్ళ మిషన్లకి దిగుతది. 2024 సెప్టెంబర్ల జేఫ్రాగ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనోళ్ళు దీన్నే బయటపెట్టిన్రు, అట్ల కబ్జా చేసెటందుకు వీలున్నవి 22 వేల ప్యాకేజీలని లెక్కగట్టిన్రు. పేరు తాళమెయ్యకుండ డిలీట్ ఇచ్చుడే తప్పు.

తుంగభద్ర:
పేరుకి తాళం వేయండి, నాకేం అభ్యంతరం లేదు. నా పేరుతో ఇంకొకరు రావడం నాకూ ఇష్టం లేదు.

పాతకాపు గారూ, లైసెన్స్ వాదన బాగుంది. కానీ కాపీ పంచుకునే హక్కు మీకుంది అంటే నా ఖాతా కింద, నా పేరుతో, నా పేజీలో అది ఎప్పటికీ ఉండి తీరాలని కాదు. మీ సొంత చోట పెట్టుకుని పంచుకోండి.

2022 జులైలో అటామిక్‌రైట్స్ ప్యాకేజీకి జరిగింది గుర్తుందా? టెస్టులు నడిపే పైటెస్ట్ కూడా వాడిన ప్యాకేజీ అది. ఎక్కువ డౌన్‌లోడ్లున్న ఒక శాతం ప్రాజెక్టుల్ని కీలకమైనవని గుర్తించి, వాటి యజమానులంతా రెండంచెల లాగిన్ పెట్టుకోవాలని పైపీఐ చెప్పింది. ఆ రచయిత ఆ కీలకం ముద్ర పోగొట్టుకోవడానికి ప్యాకేజీ తీసేసి మళ్ళీ ఎక్కించాడు. ఈ బాధ్యతంతా జీతమిస్తే చూస్తాను, సరదాకి రాసుకునే దానికి కాదన్నాడు. అతను చెప్పిందాంట్లో తప్పేముంది?

బిల్డ్_బాలు:
తప్పేముందా? ఆ ఒక్క నొక్కుతో పాత వెర్షన్లన్నీ పోయాయి. పోతాయని ఆయనకే తెలియదు. పైపీఐ నడిపేవాళ్ళు వెనక్కి తేవాల్సొచ్చింది. మీరు చెప్పిన ఉదాహరణే నా వాదన. రెండంచెల లాగిన్ కోసం అంతమంది బిల్డులు పడగొట్టడం సబబా? ఫోన్లో ఒక కోడ్ చూసి కొట్టడం అంత కష్టమా?

తుంగభద్ర:
కష్టం కాదండీ. అడగకుండానే ఒకరి మీద బరువు పెట్టి, ఇంతేగా అనడం.

కోనసీమ_కోడర్:
ఇప్పుడు అందరికీ తప్పనిసరేగా. 2023 చివరికల్లా అయిపోయింది.

బిల్డ్_బాలు:
అయిపోయింది, ఆకాశమేమీ విరిగిపడలేదు. 72 గంటల రూలూ అంతే. తుంగభద్ర గారూ, సూటిగా చెప్తా. వాడుకోండి అని రీడ్‌మీ అనే పరిచయం ఫైల్లో రాసి, ఎలా ఇన్‌స్టాల్ చేయాలో పెట్టి, డౌన్‌లోడ్లు పెరుగుతుంటే సంతోషపడి, ఒకరోజు నాకిష్టం లేదు అని తలుపేసుకుంటే ఎలా? అంత ఇష్టం లేనివాళ్ళు మొదటే పెట్టకూడదు. మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంచుకోండి.

తుంగభద్ర:
పెట్టకూడదా? సరే, ఎందుకు తీయాలనుకుంటున్నానో చెప్తాను, ఇప్పటిదాకా అనవసరమని చెప్పలేదు.

ప్యాకేజీ చేసినప్పుడు అందరిలాగే సెటప్ ఫైల్లో రచయిత ఈమెయిల్ గడి నింపాను. మొదటి వెర్షన్ నుంచీ ప్రతి వీల్ లోపలా, ప్యాకేజీ వివరాలుండే మెటాడేటా ఫైల్లో అది ఉంది. పైపీఐ పేజీ మీదా కనిపిస్తుంది. ఒకసారి ఎక్కించిన వెర్షన్లో ఆ లైను మార్చే దారి లేదు. కొత్త వెర్షన్లో తీసేయొచ్చు, పాతవాటిలో అలాగే ఉండిపోతుంది.

ఒక కంపెనీ వాళ్ళకి నా ప్యాకేజీలో తేదీ ఒకటి తప్పొచ్చింది. ఆ ఈమెయిల్ పట్టుకుని రోజూ రాశారు. ప్రొడక్షన్ ఆగిపోయింది, ఎప్పటికల్లా ఇస్తావు అని. నేను ఊళ్ళో మా నాన్న ఆపరేషన్ దగ్గరున్నాను. జవాబివ్వకపోతే నేనెక్కడ పనిచేస్తున్నానో వెతికి మా మేనేజర్‌కి రాశారు, మీ ఉద్యోగి బాధ్యత లేకుండా ప్రవర్తిస్తోందని. మా మేనేజర్ నన్ను పిలిచి, ఆఫీసు వేళల్లో బయటి పని చేస్తున్నావా అని అడిగారు. ఏ సంబంధమూ లేని కంపెనీ కోసం నేను నా ఉద్యోగంలో సంజాయిషీ ఇచ్చుకున్నాను.

యాంక్ చేస్తే ఆ ఈమెయిల్ పోతుందా? పోదు. 2025 జనవరి నుంచి ప్రాజెక్టుని ఆర్కైవ్ చేసే, అంటే ఇక మార్పులు రావని గుర్తుపెట్టే సదుపాయం వచ్చింది, మంచిదే. దాంతో పోతుందా? పోదు. పాత వెర్షన్లు డిలీట్ చేయడమొక్కటే నా చేతిలో ఉంది. అదీ 72 గంటల్లోపే అంటున్నారు.

వరంగల్_వాడు:
అక్కా, ఇది ముందుగాల చెప్తే ఇంత లొల్లి ఉండకపోవు. మేనేజర్‌కి రాసుడేంది, గిదేం పద్ధతి.

పాతకాపు:
జరిగింది అన్యాయమే. కానీ రూలు వచ్చినా పైపీఐ అడ్మిన్లకి తీసే అధికారం పోదు కదా. కారణం చెప్పి వాళ్ళని అడగొచ్చు.

తుంగభద్ర:
నా ఇంటి గొడవ అంతా రాసి, పరిచయం లేని వాళ్ళని అనుమతి అడగాలి. వాళ్ళూ వాలంటీర్లే, చేతినిండా పనితో ఉన్నవాళ్ళే.

బిల్డ్_బాలు:
మీకు జరిగింది చదివి బాధేసింది. ఆ కంపెనీ చేసింది నీచం. మెటాడేటాలో ఈమెయిల్ దాచే దారి పైపీఐ ఇవ్వాలి, దానికి నా మద్దతు ఉంటుంది.

అయినా ఒక ప్రశ్న మిగిలింది. ఈమెయిల్ పోయింది, కోడ్ ఉంది అనుకుందాం. ఆరు నెలలకి అందులో భద్రతా లోపం బయటపడింది. ఎవరు సరిచేస్తారు? వాడేవాళ్ళు ఎవరిని అడగాలి?

తుంగభద్ర:
ఇప్పుడు అసలు మాట వచ్చింది. కోడ్ అక్కడ ఉండాలని మొదలుపెట్టారు, దాంతోపాటు నేనూ ఉండాలి అనేదాకా వచ్చారు.

బిల్డ్_బాలు:
అవును, ఉండాలనే అంటున్నా. ఎల్లకాలం కాదు. వెళ్ళేవాళ్ళు నెల ముందు చెప్పి, ఇంకొకరికి అప్పజెప్పి వెళ్ళాలి. ఏ పనిలోనైనా అంతే కదా.

తుంగభద్ర:
నోటీసు పీరియడ్ జీతమిచ్చేవాళ్ళు అడుగుతారు. ఇక అప్పజెప్పడం అంటారా? 2018లో ఎన్‌పీఎంలోని ఈవెంట్‌స్ట్రీమ్ ప్యాకేజీ రచయిత అదే చేశాడు. ఆసక్తి పోయింది, ఎవరో మంచిగా అడిగారు, ఇచ్చేశాడు. తీసుకున్నవాడు ఫ్లాట్‌మ్యాప్‌స్ట్రీమ్ అని ఒక డిపెండెన్సీ చేర్చాడు, అది కోపే అనే బిట్‌కాయిన్ వాలెట్ వాడేవాళ్ళ డబ్బు మీద గురిపెట్టిన దొంగకోడు. అందరూ ఆ పాత రచయితనే తిట్టారు. ఉంటే తిట్లు, ఇచ్చి వెళ్తే తిట్లు, తీసేస్తే తిట్లు. ముక్కూమొహం తెలియని వాళ్ళకి వారసుణ్ణి వెతికిపెట్టే పని నేనెప్పుడూ ఒప్పుకోలేదు.

బిల్డ్_బాలు:
మరి ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్ళు ఏం ఒప్పుకున్నారు?

తుంగభద్ర:
వాళ్ళు ఒప్పందం చేసుకుంది మీ కంపెనీతో. డబ్బు తీసుకుంది మీరు. ఆ డబ్బులోంచి నా ప్యాకేజీకి కేటాయించింది ఎంత?

కోనసీమ_కోడర్:
ఇది న్యాయమైన ప్రశ్న.

బిల్డ్_బాలు:
సున్నా. నేను జీతగాణ్ణి, బడ్జెట్ నా చేతిలో లేదు. మిర్రర్ సర్వర్‌కే రెండుసార్లు అడిగా, వచ్చే క్వార్టర్‌లో చూద్దామన్నారు. నా పైవాళ్ళు ఇవ్వరు, మీరు ఉండరు, మధ్యలో శనివారం రాత్రి నిలబడేది నేను. అందుకే కనీసం ఫైలైనా కదలకూడదంటున్నా. మనుషుల్ని నేను ఆపలేను, ఫైలుని రూలుతో ఆపొచ్చు.

తుంగభద్ర:
ఈ మాటకి నేను ఎదురు చెప్పను. పాత వెర్షన్లలోంచి నా వివరాలు చెరిపేసే మీట పైపీఐ ఇచ్చిన రోజు 72 గంటల రూలుకి నేనూ ఊఁ అంటాను. అది రాకుండా ఇది వస్తే మాత్రం ఒప్పుకోను.

ఈ వారం చేయబోయేది చెప్తున్నాను. ఈమెయిల్ లేని కొత్త వెర్షన్ ఎక్కించి, ప్రాజెక్టుని ఆర్కైవ్ చేస్తాను. పాత వెర్షన్లు నెలాఖరుకి డిలీట్ చేస్తాను. రీడ్‌మీలోనూ తేదీ రాస్తాను.

పాతకాపు:
రెండూ ఒకేసారి రావాలంటే ఏదీ రాదు. ముందు ఫైళ్ళు నిలవాలి.

బిల్డ్_బాలు:
నా ఓటు మాత్రం 72 గంటలకే. రీడ్‌మీ ఎవరూ చదవరండీ, బిల్డులు తనంతట తానే నడిపే సీఐ సర్వర్ అసలే చదవదు. పాత వెర్షన్ పిన్ చేసుకున్నవాళ్ళకి నెలాఖరు దాటాకే తెలుస్తుంది.

చిన్ని_సీఐ:
10 జీబీ సంగతి ఎవరూ చెప్పలేదు.

వరంగల్_వాడు:
అక్కా, ఒక్క మాట. వెర్షన్లు తీస్తే తియ్యిగానీ ప్రాజెక్టు మొత్తం డిలీట్ కొట్టకు. కొత్త వెర్షన్ ఒక్కటన్న ఉండనియ్యి. అది ఉన్నన్ని రోజులు పేరు నీదే ఉంటది, కబ్జా చేసేటోడికి సందు దొరకదు.

తుంగభద్ర:
అలాగే తమ్ముడూ. ప్రాజెక్టు ఉంటుంది.