కాన్పు తర్వాత రక్తస్రావం: గీతల డ్రేప్ వాడితే తేడా ఉంటుందా?

గునుపురం, రాయగడ జిల్లా:
మా దగ్గర పోయిన రక్తాన్ని కంటితోనే అంచనా వేస్తున్నాం. గీతల డ్రేప్ (తల్లి కింద పరిచి, కారిన రక్తాన్ని మి.లీ. గీతలతో కొలిచే ప్లాస్టిక్ సంచి) వాడితే ఎన్ని మి.లీ. దగ్గర మందులు మొదలెట్టాలి?

బరంపురం:
తేడా చాలా ఉందండి. 2023లో వచ్చిన ఈ-మోటివ్ పరిశోధనలో మామూలు పద్ధతిలో అధిక రక్తస్రావం కేసుల్లో సగమే పట్టుబడ్డాయి, డ్రేప్ వాడినచోట 93 శాతం. గుడ్డల్లో ఇంకిన రక్తం కంటికి ఆనదు మరి. 500 మి.లీ. దాటితే ఆగొద్దు. 300 దాటి నాడి వేగం పెరిగినా, బీపీ పడినా వెంటనే మొదలెట్టండి. మొదటి గంట ప్రతి 15 నిమిషాలకూ గీత చూడాలి.

పర్లాకిమిడి:
అన్నీ కలిపి ఒకేసారి చేయాలి. గర్భసంచి మర్దన, ఆక్సిటోసిన్ (గర్భసంచిని బిగించే మందు) 10 యూనిట్లు సెలైన్‌లో, ట్రానెగ్జామిక్ యాసిడ్ (రక్తం గడ్డను కరగనివ్వని మందు) 1 గ్రాము 10 నిమిషాల్లో నెమ్మదిగా నరానికి (కాన్పయిన 3 గంటల్లోపే). చిరుగులు, మిగిలిన మాయ ముక్కలు చూడాలి. ఒకటి పనిచేయలేదని తేలాక రెండోది ఇద్దామనే అలవాటే తల్లి ప్రాణం మీదికి తెస్తుంది.

బరంపురం:
ఇంకోటి. డ్రేప్ ఉమ్మనీరు పోయాకే పరవండి, లేకపోతే లెక్క తప్పుతుంది. ఆక్సిటోసిన్ 2–8 డిగ్రీల్లో ఉండాలి. కరెంటు పోయే చోట ఐస్ ప్యాక్ పెట్టె తప్పనిసరి.

గునుపురం:
ఘాట్ రోడ్డు మీద పెద్దాసుపత్రికి పంపాల్సి వస్తే?

పర్లాకిమిడి:
డ్రిప్ నడుస్తుండగానే, యాంటీషాక్ గార్మెంట్ (కాళ్లను, పొట్టను బిగించి పట్టే తొడుగు) తొడిగి పంపండి. ఎంత రక్తం పోయిందో, ఏ మందు ఎన్నింటికి ఇచ్చారో చీటీలో రాయండి.