ఒకటి, రెండు తరగతులకు అభ్యసన మూలలు: టీచరు పక్కన లేకుండా నడుస్తాయా?

పలక-బలపం:
మాది ఏకోపాధ్యాయ పాఠశాల. ఐదు తరగతులకూ కలిపి ఇరవై ముగ్గురు పిల్లలు. శిక్షణలో చెప్పినట్టే గదిలో నాలుగు మూలలు పెట్టాను: చదివే మూల, లెక్కల మూల, బొమ్మల మూల, ఆటల మూల. నేను పెద్దవాళ్లకు భాగహారం చెబుతుంటే ఒకటి, రెండు తరగతుల వాళ్లు వాటిలో తమంతట తాము పని చేసుకోవాలి. రెండు వారాలు చూశాను. చింతపిక్కలు సగమయ్యాయి. అంకెల కార్డులు నలిగిపోయాయి. నిమిషానికొకసారి "సార్, అయిపోయింది", "సార్, వీడు లాక్కున్నాడు". ఆరేళ్ల పిల్లలు స్వయంగా నేర్చుకుంటారన్నది టీచర్ల కొరతను కప్పిపుచ్చే మాటే అనిపిస్తోంది. కాదనేవారు చెప్పండి.

రెండో తరగతి టీచరు:
నేను కాదంటాను సార్. "అయిపోయింది" అంటూ మీ దగ్గరికి వస్తున్నారంటే లోపం పిల్లల్లో లేదు, మూలలో పెట్టిన పనిలో ఉంది. చేసింది ఒప్పో తప్పో చెప్పేది గదిలో మీరొక్కరే అయితే వాళ్లు ఇంకెక్కడికి వెళతారు? నేను కార్డుకు ముందు వైపు 7 అని రాసి, వెనుక ఏడు చుక్కలు పెడతాను. అంకె చూసి పిక్కలు లెక్కపెట్టుకుంటారు, తర్వాత కార్డు తిప్పి చుక్కకొక పిక్క పెట్టి చూసుకుంటారు. చుక్క మిగిలినా పిక్క మిగిలినా మళ్లీ మొదటికే. బొమ్మ, దాని పేరు ఉన్న కార్డును వంకరగా రెండు ముక్కలు చేస్తాను. తప్పు జత అతకదు. (చురుకైనవాళ్లు అక్షరాలు చూడకుండా అంచులు చూసి అతికించేస్తారు! నెల తర్వాత తిన్నగా కత్తిరించిన కార్డులు ఇవ్వక తప్పదు.)
ఇంతకీ నాలుగు మూలలూ ఒకే రోజు తెరిచారా? నేనైతే మొదటి నెలంతా ఒక్కటే తెరుస్తాను. చాప పరచడం, డబ్బా దించడం, పిక్కలు లెక్కపెట్టి తిరిగి పెట్టడం నేర్పడానికే ఆ నెల సరిపోతుంది.

పలక-బలపం:
నాలుగూ ఒకే సోమవారం తెరిచాను మేడమ్. తనిఖీ ఉందన్నారు.

మదనపల్లె దారి:
ఏకోపాధ్యాయ బడిలో కుదరదంటే నాకు వింతగా ఉంది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం ఇలాంటి పద్ధతిని రూపొందించిందే, అన్ని తరగతులూ ఒకే గదిలో కూర్చునే పల్లె బడుల కోసం. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడదీసి నిచ్చెనలా గోడకు వేలాడదీస్తారు. కార్డు మీది బొమ్మ గుర్తును బట్టి తన మెట్టు ఏదో, టీచరు దగ్గర కూర్చోవాలో తోటివారి దగ్గర కూర్చోవాలో పిల్లవాడికే తెలుస్తుంది. అక్కడి నుంచి నేర్చుకునే తమిళనాడు 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టి, తర్వాత రాష్ట్రమంతటికీ విస్తరించింది.

రిటైరైన లెక్కల మాస్టారు:
బాగుంది. ఆ కార్డులు చేయడానికి ఒక బృందం ఏళ్ల తరబడి కూర్చుంది. ఇక్కడ ఈయన హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు ముగించుకుని, రాత్రి ఇంట్లో కత్తెర పట్టుకోవాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు ఉండాలంటోంది. ముందు ఆ రెండో మనిషిని అడగండి. మూలలు చక్కగా నడిపి చూపిస్తే, "ఒక్కరితో సరిపోతోందిగా" అంటారు. నేను చూడని సంగతేమీ కాదు.

రెండో తరగతి టీచరు:
అడగాల్సిందే మాస్టారూ. కానీ మా బడిలో ఇద్దరం ఉన్నాం, అయినా మూలలు తీసేయలేదు. ముప్పై మందినీ కూర్చోబెట్టి 'అ' దిద్దిస్తే, అప్పటికే కథలు చదివే పాప కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటుంది. మూలలు నడిచే అరగంటలో నేను గుణింతాల దగ్గర ఆగిపోయిన నలుగురితో కింద చాప మీద కూర్చోగలుగుతున్నాను. నాకు ఆ అరగంట కావాలి.

ఒక తల్లి:
మా అబ్బాయి రోజూ బొమ్మల మూలకే వెళతాడు. ఇల్లంతా నెమళ్లే. చదివే మూల మొహం చూడడు. ఇష్టమున్న చోటికి వెళ్లనిస్తే ఇంతేగా?

రెండో తరగతి టీచరు:
పూర్తిగా వదిలేస్తే ఇంతేనమ్మా. నేను రోజుకు రెండు మూలలు తప్పనిసరి చేశాను, మూడోది వాళ్ల ఇష్టం. మూలకు నాలుగే మెడ తాళ్లు. తాడు దొరకకపోతే ఇంకో మూలకు వెళ్లాలి, దానితో తోపులాట కూడా తగ్గింది. నెమలి కింద ఒక వాక్యం రాయమని అడిగి చూడండి.

రిటైరైన లెక్కల మాస్టారు:
రాయమంటే నెమళ్లు మానేస్తాడు.

పలక-బలపం:
మూడు మూలలు మూసేశాను, లెక్కల మూల ఒక్కటే ఉంచాను. చుక్కల కార్డులు ఐదో తరగతి పిల్లలు చేసిపెట్టారు. ఒకదానిలో 8కి తొమ్మిది చుక్కలు పెట్టారు. ఒకటో తరగతి పాప పిక్కలు రెండుసార్లు లెక్కపెట్టుకుని వచ్చి, "సార్, కార్డు తప్పు" అంది. ఇన్ని రోజుల్లో "అయిపోయింది" కాకుండా నేను విన్న మొదటి మాట అది. మాస్టారి మాట ప్రకారం రెండో పోస్టు కోసం అర్జీ కూడా పంపాను. మేడమ్, రెండో మూల ఎప్పుడు తెరవమంటారు? ఆటల మూల కోసం పిల్లలు నన్ను నిలవనీయడం లేదు.