ఏసీఎల్ శస్త్రచికిత్స తర్వాత మళ్లీ ఫుట్‌బాల్ ఎప్పుడు ఆడవచ్చు?

కళాశాల జట్టులో ఆడే మా తమ్ముడికి మోకాలిలో ఏసీఎల్ (తొడ ఎముకను, కాలి ఎముకను కలిపి ఉంచే లిగమెంట్) తెగి, మెనిస్కస్ (ఆ ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) కూడా చిరగడంతో రెండింటికీ ఒకేసారి శస్త్రచికిత్స చేశారు. ఇప్పుడు ఏడో నెల నడుస్తోంది. నొప్పి, వాపు లేవు గానీ, ఆ కాలి తొడ రెండోదానికంటే ఇంకా సన్నగానే ఉంది. మెట్లు దిగేటప్పుడు బరువంతా మంచి కాలి మీదే వేస్తున్నాడు.

అయినా తొమ్మిదో నెల నిండగానే మైదానంలోకి దిగుతానంటున్నాడు. వాడు చూపించే ఉదాహరణ నెదర్లాండ్స్ ఫుట్‌బాలర్ వర్జిల్ వాన్ డైక్: 2020 అక్టోబరు 17న ఏసీఎల్ దెబ్బతిని, మరుసటి ఏడాది జులై చివర్లో సన్నాహక మ్యాచ్‌లో ఆడాడు. నాకు మాత్రం బ్రెజిల్ ఫుట్‌బాలర్ నెయ్‌మార్ గుర్తొస్తాడు. 2023లో, విచిత్రంగా అదే అక్టోబరు 17న, ఏసీఎల్‌తో పాటు మెనిస్కస్ కూడా దెబ్బతిన్న అతనికి ఏడాది పైనే పట్టింది. తిరిగి వచ్చిన రెండో మ్యాచ్‌లోనే తొడ వెనుక కండరం పట్టేసి మళ్లీ బయటికి వెళ్లాడు.

మెనిస్కస్‌కు కుట్లు పడ్డాక ఆటలోకి తిరిగి వచ్చినవారు గానీ, ఫిజియోథెరపిస్టులు గానీ ఉంటే, నెలల లెక్కతో కాక తొడ బలం, ఒంటికాలి గెంతు పరీక్షల ఆధారంగా ఎలా నిర్ణయించాలో, రెండు కాళ్ల మధ్య ఎంత తేడా వరకు ఫరవాలేదో దయచేసి తెలియజేయగలరు.