పోర్టు గేటు దాటిన కంటైనర్‌ను పోలీసులే తెరవకూడదా?

కొత్త ఫార్వర్డర్:
నేను ఫ్రైట్ ఫార్వర్డింగ్ ఆఫీసులో, అంటే వేరేవాళ్ల సరుకు ఓడల్లో పంపే ఏర్పాట్లు చేసే చోట, ఎగుమతి కాగితాలు చూస్తాను. పోయిన వారం సాయంత్రం ఇద్దరు పోలీసులు వచ్చారు. చోరీ అయిన కారు ఒకటి మేం బుక్ చేసిన నలభై అడుగుల కంటైనర్‌లో ఉందని వాళ్ల అనుమానం. కాగితాల్లో మాత్రం ‘వాడిన ఇంటి సామాను’ అని ఉంది. అప్పటికే అది టెర్మినల్ లోపలికి వెళ్లిపోయింది. టెర్మినల్ వాళ్లు కస్టమ్స్ చెప్పాలన్నారు. కస్టమ్స్‌లో రాత్రి డ్యూటీలో ఉన్నాయన రాసి ఇవ్వమన్నారు. ఉత్తరం వచ్చేసరికి తెల్లారింది, ఓడ వెళ్లిపోయింది. ఆ బుకింగ్ తీసుకున్నది నేనే. అప్పట్నుంచీ సరిగ్గా నిద్ర పట్టడం లేదు. ఇద్దరూ ప్రభుత్వమే కదా, పోలీసులే సీలు కోసి చూడకూడదా? ఇంకోసారి ఇలా వస్తే నేనేం చేయాలి?

పాత ఎగ్జామినర్:
తమ్ముడూ, ఎగుమతి సరుకు తనిఖీలో పంతొమ్మిదేళ్లు చేసి దిగినవాణ్ణి, నాకు తెలిసింది చెబుతాను. చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది గానీ, చాలాచోట్ల ఎగుమతికని డిక్లేర్ చేసి పోర్టులోకి తెచ్చిన సరుకు కస్టమ్స్ ఆధీనంలో ఉన్నట్టే. దాన్ని తెరిచి చూడ్డానికి వాళ్లకు సాధారణంగా కోర్టు వారంటు అక్కర్లేదు. పోలీసులకు వారంటో, గట్టి ఆధారమో కావాలి. కానీ కారు ఎక్కడ పోయింది, ఎవరి చేతులు మారింది అన్నది పోలీసులకే తెలుసు. తాళంచెవి ఒకరి దగ్గర, ఆచూకీ ఇంకొకరి దగ్గర. పైగా సుంకం వచ్చేది ఎక్కువగా దిగుమతుల మీద కాబట్టి మనుషులూ స్కానర్లూ అటే ఉంటాయి. బయటికి పోయేదాన్ని తొందరగా పంపేయాలనే చూస్తారు. దొంగలకు ఈ సంగతి బాగా తెలుసు.

ఒక కంటైనర్ ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. తలుపు తీస్తే నేల నుంచి కప్పు దాకా పరుపులు. స్కానర్ బొమ్మలో మాత్రం వాటి వెనక రెండు నల్లటి ముద్దలు, అవి ఇంజన్లు. పరుపులు లాగేస్తే, చెక్క ర్యాంపు మీద ముందు చక్రాలు పైకెత్తి ఒక కారు, దాని కిందికి ముక్కు దూర్చి ఇంకో కారు. నా పక్కనే నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ టార్చి వేసి, ముందు అద్దం మూల కనబడే ఛాసిస్ నంబర్‌ని ఒక్కో అక్షరం చదువుతుంటే, ఫోన్‌లో అవతలివాళ్లు చోరీ జాబితాలో చూసి చెప్పారు. మొత్తం 17 అక్షరాలూ అంకెలూ. అందులో ఐ, ఓ, క్యూ ఉండవు. సున్నాని ‘ఓ’ అని రాసుకుంటే జాబితాలో ఎంత వెతికినా దొరకదు. ఆ రోజు పని జరిగిందంటే, వాళ్లు పొద్దున్నే ఫోన్ చేశారు, ఓడ మర్నాటి రాత్రికి. మీ దగ్గర లేనివి ఆ గంటలే.

సీలు సంగతి. అధికారం ఉన్నా పోలీసులు ఒక్కళ్లే కోయడం మంచిది కాదంటాను. కోసే ముందు నంబర్ కనబడేలా ఫొటో, కోసిన ముక్కలు కవర్లో, పంచనామా మీద రెండు శాఖల సంతకాలు, మళ్లీ బిగించిన సీలు నంబర్. వీటిలో ఒకటి లోపించినా, మధ్యలో ఎవరో తెచ్చి పెట్టారంటాడు అవతలి లాయరు.

కలిసి చేస్తే ఎంత తేడా ఉంటుందో కెనడాలో తేలింది. 2023 డిసెంబర్ నుంచి 2024 మార్చి దాకా సరిహద్దు సేవల సంస్థ, ఒంటారియో, క్యూబెక్ పోలీసులూ కలిసి మాంట్రియల్ పోర్టులో దాదాపు 400 కంటైనర్లు తనిఖీ చేస్తే 598 చోరీ వాహనాలు దొరికాయి. ఆ లెక్క చదివినప్పుడు సంతోషం కన్నా, అంతకుముందు ఎన్ని పోయాయో అన్న బాధే ఎక్కువైంది నాకు.

వాహన చోరీల విభాగం:
ఎగ్జామినర్ గారి మాట నిజం. మా వైపు లోపం కూడా చెబుతాను. ‘ఫలానా రంగు కారు పోర్టుకు చేరింది’ అని రాసి పంపుతాం. అక్కడ వేల కంటైనర్లు ఉంటే కస్టమ్స్ వాళ్లు ఎందులో వెతుకుతారు? కంటైనర్ నంబర్ కావాలి, ఓడ కట్-ఆఫ్ లోపు, అంటే ఆ ఓడకు సరుకు తీసుకునే ఆఖరి గడువు లోపు కావాలి. కంటైనర్ ఓడ ఎక్కి, పైన ఇంకో ఐదు పడ్డాక దింపమంటే ఎవరూ కదలరు.
అన్నట్టు, ఓడ వెళ్లిపోయినా దారి ఉంది. తర్వాతి పోర్టులో ఆపించమని కస్టమ్స్ ద్వారా అడగొచ్చు. ఇంటర్‌పోల్ చోరీ వాహనాల డేటాబేస్‌లో ఛాసిస్ నంబర్ ఎక్కిందో లేదో కూడా కనుక్కోమనండి.

పాత ఎగ్జామినర్:
ఆ కంటైనర్ నంబర్ కూడా సరిచూడు తమ్ముడూ. నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. చివరి అంకె ముందున్న పదింటినీ లెక్కగట్టి వేసేది. ఒక అంకె తప్పు పడితే సాధారణంగా అక్కడే బయటపడుతుంది. ఇంకోసారి పోలీసులొస్తే బుకింగ్, కంటైనర్, సీలు నంబర్లు, ధ్రువీకరించిన బరువు, కట్-ఆఫ్ సమయం ఒకే కాగితం మీద రాసి, వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అభ్యర్థన తీసుకుని ఇచ్చెయ్. ఆ కాగితమే కస్టమ్స్‌కు కూడా పంపు. రెండు చోట్లా ఒకే నంబర్ ఉండాలి.

కొత్త ఫార్వర్డర్:
పోలీసుల ఉత్తరం నకలు ఇప్పుడే తీసి చూశాను సార్. ఒక అంకె తప్పు, 6 బదులు 8 పడింది. లెక్క కలవలేదు. అంటే ఆ రాత్రి ఉత్తరం టైముకు వచ్చినా వేరే కంటైనర్ కోసం వెతికేవాళ్లు. సరైన నంబరూ, తర్వాతి పోర్టు పేరూ ఇన్‌స్పెక్టర్ గారికీ కస్టమ్స్‌కూ పంపాను. ఓడ అక్కడికి చేరడానికి ఇంకా ఆరు రోజులుంది.