విదేశీ పాఠశాలతో భాగస్వామ్యం పలకరింపులతోనే ఆగిపోకుండా ఏం చేయాలి?

ప్రశ్న (ఉపాధ్యాయిని, విజయవాడ దగ్గర)

నమస్కారం. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. మా పూర్వ విద్యార్థిని ఒకరి చొరవతో బెర్లిన్‌లోని ఒక పాఠశాల మాతో కలిసి పనిచేయడానికి ముందుకొచ్చింది. ఇదివరకు మరో దేశపు పాఠశాలతో వీడియో సమావేశం జరిగింది. పిల్లలు పేర్లు చెప్పుకున్నారు, మనవాళ్లు కూచిపూడి ప్రదర్శించారు, అవతలివారు పాట పాడారు. ఆ తరువాత మళ్లీ మాట్లాడుకోవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. ఈసారి తొమ్మిదో తరగతి పిల్లలకు ఇది నిజమైన చదువు కావాలని నా కోరిక. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు (విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, వరంగల్)

మేడమ్‌గారూ, అవతలి పాఠశాల లేకపోతే పూర్తికాని పనిని ఎంచుకోండి. మీ రెండు ఊళ్లకూ అలాంటి పని చక్కగా అమరింది. విజయవాడ సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, బెర్లిన్ 52.5 డిగ్రీల మీద ఉన్నాయి. తేడా 36 డిగ్రీలు, అంటే వృత్తంలో పదో వంతు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ నీడల ఆధారంగా భూమి చుట్టుకొలతను లెక్కగట్టిన పద్ధతిని పిల్లలే తిరిగి చేయవచ్చు. సెప్టెంబరు 22, 23 తేదీల ప్రాంతంలో మీటరు కర్రను నిటారుగా నిలిపితే, మిట్టమధ్యాహ్నం మీ ఆవరణలో నీడ సుమారు 30 సెంటీమీటర్లు, వారి ఆవరణలో సుమారు 130 సెంటీమీటర్లు ఉంటుంది. కర్ర, నీడల పొడవుల నుంచి ఒక్కోచోట సూర్యకిరణాలు కర్రతో చేసే కోణం తెలుస్తుంది; ఆ రెండు కోణాల తేడా 36 డిగ్రీలు, అంటే వృత్తంలో పదో వంతు రావాలి. రెండు అక్షాంశాల మధ్య ఉత్తర దక్షిణ దూరం దాదాపు 4,000 కిలోమీటర్లు కనుక, దానికి పది రెట్లు చుట్టుకొలత. ఊరి నుంచి ఊరికి ఉన్న దూరాన్ని మాత్రం తీసుకోకండి. అది ఇంకా చాలా ఎక్కువ. దసరా సెలవులు అడ్డొస్తే, రెండు చోట్లా ఒకటే అయితే చాలు, మరో రోజు పెట్టుకోవచ్చు.

మొదటిసారి లెక్క సరిపోకపోవచ్చు. అప్పుడు కర్ర నిటారుగా ఉందా, నేల చదునుగా ఉందా, నీడ అతి చిన్నదైన క్షణాన్ని ఎలా గుర్తించారు అని పిల్లలు ఒకరినొకరు అడగవలసి వస్తుంది. అసలు భాగస్వామ్యం ఆ ప్రశ్నలతోనే మొదలవుతుందని నా నమ్మకం.

జవాబు (ఉపాధ్యాయురాలు, జర్మనీ)

ఎవరి మధ్యాహ్నం వారు కొలుస్తారు కనుక గడియారాల తేడా ఇబ్బంది కాదు. చర్చకు ఇక్కడి ఉదయం 8 గంటల పీరియడ్ అనువుగా ఉంటుంది. అప్పుడు మీకు 11.30, అక్టోబరు చివరి ఆదివారం నుంచి 12.30 అవుతుంది. పిల్లల ఫొటోలు పంచుకునే ముందు రెండు వైపులా తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తీసుకోండి. మరొక మాట: ఇక్కడి పిల్లల్లో చాలామందికి కూడా ఇంగ్లిష్ బడిలో నేర్చుకున్న భాషే. ఆ సంగతి మీ పిల్లలకు ముందే చెప్పండి, బెరుకు చాలావరకు తగ్గుతుంది.

జవాబు (సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు, గుంటూరు)

కొలతతోనే ఆపవద్దని నా మనవి. అదే కర్రను డిసెంబరు 21 ప్రాంతంలో మళ్లీ నిలపండి. బెర్లిన్‌లో నీడ సుమారు 4 మీటర్లకు సాగుతుంది, మీ దగ్గర 84 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. అక్కడ ఆ రోజు పగలు 8 గంటలు కూడా ఉండదు. అప్పుడు పిల్లలు బడికి చీకట్లో వెళతారా, ఆటలెప్పుడు ఆడతారు, ఇంట్లో భోజన వేళలు మారతాయా అని మనవాళ్లు అడగాలి. మే నెల ఎండలకు మన బడులు ఎందుకు మూతపడతాయో వాళ్లు అడగాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. పిల్లల చేత చేయించే ముందు బెర్లిన్ ఉపాధ్యాయినీ నేనూ ఒకే రోజు మా మా ఆవరణల్లో నీడను కొలిచి చూసుకుంటాం. ఆ ప్రతిపాదనను ఈ రోజే ఆమెకు రాస్తున్నాను.