ఆల్మట్టి ఎత్తు పెరిగితే శ్రీశైలం, సాగర్ మీద ప్రభావం: మోడల్ ఎలా కట్టాలి?

ప్రశ్న (వేళచ్చేరి, చెన్నై)

అందరికీ నమస్కారం. గిండీ దగ్గర ఎంటెక్ చేస్తున్నాను, మాది సాగర్ ఎడమ కాలువ కింద ఊరు. కర్ణాటకలో కృష్ణా మీదున్న ఆల్మట్టి డ్యామ్‌ని 519.6 మీటర్ల నుంచి 524.256 మీటర్లకు పెంచితే, కింద అదే నది మీదున్న శ్రీశైలం, సాగర్‌లలో కరెంటు ఉత్పత్తి, సాగునీరు ఎంత మారతాయన్నది నా ప్రాజెక్టు. ఎక్సెల్‌లో ఏడాది వారీగా లెక్క వేస్తే, మంచి వానలు పడిన ఏళ్లలో కిందికి తేడా పెద్దగా కనబడట్లేదు. నాన్నేమో "నారు పోసే టైముకి నీళ్లు రాకపోతే ఆ లెక్క ఎందుకు" అంటున్నారు. రెండూ ఎలా కలుస్తాయి? రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు (అన్నానగర్, చెన్నై. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను)

అమ్మా, మీ నాన్నగారి మాటే మోడల్లోకి రావాలి. ఏడాది లెక్కలో జులైలో వచ్చిన టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు), అక్టోబరులో వచ్చిన టీఎంసీ ఒకటే అయిపోతాయి, పొలంలో అలా కాదు కదా. పైన పెద్ద డ్యామ్ ఉంటే తొలి వరద అక్కడ ఆగుతుంది, అది నిండాక గానీ కిందికి గట్టిగా వదలరు, శ్రీశైలం నిండే తేదీ వెనక్కి జరుగుతుంది, సాగర్ ఇంకా వెనక్కి. అందుకని పది రోజుల స్టెప్ పెట్టు, అంటే పది రోజులకోసారి లెక్క వెయ్యి. నెల స్టెప్ కూడా ఈ ప్రశ్నకి సరిపోదు. 11,574 క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగులు) రోజంతా పారితే ఒక టీఎంసీ, ఇది గుర్తుంటే నది ప్రవాహం కొలిచే గేజ్‌ల డేటా మార్చుకోవడం సులువు.

ఇన్‌ఫ్లో విషయంలో చాలామంది పప్పులో కాలేస్తారు. ఆల్మట్టి పూర్తయింది 2005లో, నీళ్లు నిలపడం అంతకుముందే మొదలైంది. కాబట్టి ఆ తర్వాతి గేజ్ రీడింగుల్లో దాని ప్రభావం ఇప్పటికే ఉంది, వాటిని "డ్యామ్ లేని" ప్రవాహంగా వాడకూడదు. నిల్వలో మార్పు, కాలువలకు తీసిన నీళ్లు, ఆవిరైనవి తిరిగి కలిపి సహజ ప్రవాహం కట్టుకోవాలి, తర్వాత అదే సిరీస్ మీద రెండు ఎత్తులకూ మోడల్ నడపాలి. ఇంకోటి, శ్రీశైలానికి వచ్చేదంతా ఆల్మట్టి మీదుగా రాదు. భీమా నారాయణపూర్ దిగువన, జూరాలకు పైన కలుస్తుంది, తుంగభద్ర జూరాల కింద కలుస్తుంది. కృష్ణాకి హువినహెడ్గి, భీమాకి యాద్గిర్, తుంగభద్రకి బావాపురం గేజ్ స్టేషన్ల డేటా విడివిడిగా తీసుకో. మూడూ కలిపి ఒకే గీత గీస్తే ఆల్మట్టి చేసిందేంటో, తుంగభద్రలో వాన లేక జరిగిందేంటో తేలదు.

మళ్లీ ప్రశ్న

సార్, చాలా థాంక్స్. కరెంటుకి టీఎంసీకి ఇన్ని యూనిట్లని స్థిరంగా పెట్టొచ్చా?

జవాబు (అన్నానగర్)

వద్దమ్మా. హెడ్, అంటే నీళ్లు టర్బైన్ మీదికి దిగే ఎత్తు, మారుతూ ఉంటుంది. 90 మీటర్ల హెడ్, 90 శాతం సామర్థ్యం అనుకుంటే ఒక టీఎంసీకి సుమారు 62.5 లక్షల యూనిట్లు, అదే 80 మీటర్లకు పడితే దాదాపు 55.6 లక్షలే. నీటిమట్టం ఆలస్యంగా లేస్తే అవే నీళ్లు తక్కువ కరెంటు ఇస్తాయి. టర్బైన్లకూ పరిమితి ఉంది, శ్రీశైలంలో కుడి గట్టున 770 మెగావాట్లు, ఎడమ గట్టున 900. వరద ఒక్కసారిగా వస్తే ఎంత నిండడానికి పోయింది, ఎంత టర్బైన్లలోంచి దిగింది, ఎంత గేట్ల మీదుగా పోయిందో స్టెప్పు స్టెప్పుకీ రాయాలి.

పవర్‌కీ సాగుకీ ఎప్పుడూ పోటీయే అని కూడా రాసేయకు. శ్రీశైలం టర్బైన్లలోంచి దిగిన నీళ్లు సాగర్‌కే చేరతాయి, మళ్లీ కాలువకీ పనికొస్తాయి. శ్రీశైలం జలాశయం నుంచి రాయలసీమ వైపు నీళ్లు తీసే పోతిరెడ్డిపాడు నుంచి వెళ్లినవి మాత్రం సాగర్‌కు రావు. అక్కడ నీళ్లు తీయడానికి శ్రీశైలంలో 854 అడుగుల మట్టం ముఖ్యం, కరెంటు కోసం దానికిందికి దింపుతారా లేదా అన్నది ఆపరేషన్ రూల్. ఒకే రూల్ పెట్టి ఫలితం ఇదీ అనకు, కరెంటు ముందు ఒకటి, సాగు ముందు ఒకటి, రెండూ నడుపు. పూడిక వల్ల శ్రీశైలం సామర్థ్యం మొదటి 308 టీఎంసీ నుంచి 215 దాకా పడింది, పాత టేబుల్ వాడితే అన్నీ తప్పుతాయి.

జవాబు (బెంగళూరు, మారతహళ్లి)

ఒక మాట కలుపుతా. ఆల్మట్టి ఎత్తు పెంచేది నీళ్లు ఊరికే నిలపడానికి కాదు, కర్ణాటక ఎగువ కృష్ణా ప్రాజెక్టు మూడో దశ కాలువలకి. కాబట్టి నిల్వ మాత్రమే పెరిగిన కేసు, కాలువలకి మళ్లించిన కేసు వేరువేరుగా చూపించండి. మొదటిదాంట్లో ముఖ్యంగా ఆలస్యం, రెండోదాంట్లో నీళ్లే తగ్గుతాయి. పొలాల నుంచి నదికి తిరిగొచ్చే వాటాకి రెండు మూడు అంచనాలు పెట్టి చూడండి. రాయచూరు వైపు రైతులకీ ఆ నీళ్లే ఆధారం, అటు పండే ఎకరాలు కూడా టేబుల్‌లో ఉంటేనే మీ పేపర్ రెండు వైపులా చదువుతారు.

మళ్లీ ప్రశ్న

చాలా ఉపయోగపడింది అన్నా. చెన్నై తాగునీటిని కూడా పెట్టాలా?

జవాబు (అన్నానగర్)

తప్పకుండా పెట్టమ్మా. చెన్నైకి ఇవ్వాల్సింది 15 టీఎంసీ, మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా ఐదు, ఆ కృష్ణా నీళ్లు 1996లో మొదటిసారి ఇక్కడికి వచ్చాయి. పోతిరెడ్డిపాడు, కండలేరు జలాశయం మీదుగా చెన్నై దగ్గరి పూండి రిజర్వాయరుకి రావాలి, అంటే శ్రీశైలం మట్టం ఆలస్యమైతే ఇక్కడా ఆలస్యమే. ఏటా జూన్‌లో నిల్వని మొదటికి తేకుండా ముప్పై నలభై ఏళ్లు వరసగా నడుపు, లేకపోతే వరసగా రెండు కరువులు వస్తే ఏమవుతుందో కనబడదు. 2009 అక్టోబరు వరదని సగటులో కలపకు. ఫలితంలో ఏడాది టీఎంసీలతో పాటు, ప్రతి ఏడాదికీ శ్రీశైలం 854 దాటిన తేదీ, సాగర్ కాలువలకి నీళ్లు వదలగలిగిన తేదీ, రెండు కేసుల్లో పక్కపక్కన వెయ్యి. ముందు ఎక్సెల్‌లో ఒక్క ఏడాది చేత్తో సరిచూసుకుని, తర్వాత పైథాన్‌లోకి వెళ్లు.